800 కేలరీల డైట్‌తో రాత్రిపూట షుగర్ పడిపోతోంది, ఎన్ని కేలరీలు పెంచాలి?

హనుమకొండ నుంచి: మూడు గంటలుగా ఫోన్‌లో వెతుకుతూనే ఉన్నాను, ఒక్కచోటా సరైన జవాబు లేదు. షుగర్ రివర్స్ చేద్దామని రోజుకు 800 కేలరీలు మొదలుపెట్టి ఆరు రోజులైంది. రెండు పూటలు షేక్, రాత్రికి సొరకాయ కూర, మజ్జిగ. నిన్నా ఇవాళా రాత్రి పదకొండింటికి ఒళ్లంతా చెమటలు. చేతులు వణికి స్ట్రిప్ మీద రక్తం చుక్క కూడా పెట్టలేకపోయాను, మా ఆవిడే పెట్టింది. 58. చక్కెర నీళ్లు తాగాక కుదుటపడ్డాను. ఎన్ని కేలరీలు పెంచితే ఇది ఆగుతుంది? ఇంత కడుపు మాడ్చుకుని మధ్యలో వదిలేయాలంటే ఏడుపొస్తోంది.

జనగామ అన్న: షేకులెందుకు తమ్మీ? మన తాతలు మక్క గటక, జొన్న గటక తాగి పొద్దంతా పొలంలో ఉన్నారు. ఇప్పుడు మూడు పూటలా సన్నబియ్యం అన్నం, పైన రెండు చెంచాల చక్కెరతో చాయ్. ముందు ఆ అన్నం మానెయ్. రాత్రికి ఒక జొన్న రొట్టె, పుంటికూర పప్పు చాలు.

పరకాల: ఏ గోళీలు వేసుకుంటున్నారు?

హనుమకొండ నుంచి: రోజూ వేసుకునేవే. కొత్తవేం లేవు.

పరకాల: పేర్లు రాయండి.

హనుమకొండ నుంచి: మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిసిన గోళీ, రెండు పూటలా. బీపీకి ఒకటి.

పరకాల: గ్లిమెపిరైడ్. పొద్దున్నే డాక్టర్‌కు ఫోన్ చేయండి.

కాజీపేట అక్క: మా అమ్మకూ ఇలాగే అయింది, అందుకే రాస్తున్నా. మీరు తిన్నా తినకపోయినా ఆ మందు ఇన్సులిన్‌ను వదిలిస్తూనే ఉంటుంది. తిండి సగానికన్నా తగ్గింది, గోళీ మాత్రం అంతే ఉంది. బ్రిటన్‌లో రాయ్ టేలర్, మైక్ లీన్ చేసిన 'డైరెక్ట్' అనే అధ్యయనంలో రోజుకు 825 నుంచి 853 కేలరీలే ఇచ్చారు, కానీ షుగర్, బీపీ మందులు మొదటి రోజే ఆపించారు. ఏడాదికి 46 శాతం మందికి మందుల్లేకుండానే షుగర్ అదుపులోకి వచ్చింది. 15 కిలోలు, అంతకన్నా ఎక్కువ తగ్గినవాళ్లలో 86 శాతం. అలాగని మీరు సొంతంగా ఏదీ ఆపొద్దు. మళ్లీ 70 కంటే దిగితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూసుకోండి. షుగర్ వచ్చి ఎన్నేళ్లయింది?

హనుమకొండ నుంచి: పదకొండు.

కాజీపేట అక్క: అది ముందే చెప్పాల్సింది. ఆ అధ్యయనంలో తీసుకున్నది ఆరేళ్ల లోపు వాళ్లనే. బరువు తగ్గితే మీకూ మేలే, కానీ అదే ఫలితం వస్తుందని అనుకోకండి.

హుజూరాబాద్ సార్: అసలు "రివర్స్" అనే మాటే తప్పు. అది రెమిషన్. మందులు మానేసి మూడు నెలలైనా గడిచాక హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చూపే రక్తపరీక్ష) 6.5 లోపు ఉంటేనే ఆ మాట వాడాలి. బరువు పెరిగితే తిరిగొస్తుంది. అక్క చెప్పిన 46 శాతమే రెండో ఏడాదికి 36 అయింది.

జనగామ అన్న: రెమిషన్ అంటే మా ఊళ్లో ఎవరికి తెలుస్తుంది సార్? షుగర్ పోయింది అంటారు.

హుజూరాబాద్ సార్: పోయింది అనుకునే కళ్ల పరీక్ష, కిడ్నీ పరీక్ష మానేస్తున్నారు. అణిగింది అనండి.

జనగామ అన్న: అణిగింది, సరే. కానీ సన్నబియ్యం సంగతి ఎవరూ మాట్లాడరేం?

పరకాల: ముందు ఆయన గోళీ సంగతి తేలనివ్వండి.

హనుమకొండ నుంచి: డాక్టర్‌తో మాట్లాడాను. గ్లిమెపిరైడ్ ఆపి ఒట్టి మెట్‌ఫార్మిన్ రాశారు. బీపీ చూడటానికి రేపు రమ్మన్నారు. థాంక్స్ అక్కా.

జనగామ అన్న: జొన్నపిండి మరపట్టించుకో తమ్మీ, ప్యాకెట్‌ది వద్దు.