విజయవాడ సిద్ధార్థనగర్‌లో లగ్జరీ ఫ్లాట్, తీసుకోవచ్చా?

బెంజ్ సర్కిల్ దగ్గర్లో మూడు బెడ్‌రూముల ఫ్లాట్ చూశాం. తొమ్మిదో అంతస్తు, తూర్పు ముఖం. బాల్కనీలోంచి మొగల్రాజపురం కొండ కనిపిస్తుంది. అమ్మకి మాత్రం వంటింటి పక్కన వాష్ ఏరియా తెగ నచ్చింది, ఎండ నేరుగా పడుతుంది. ఇంకా కడుతున్నారు. బిల్డరు 2400 చదరపు అడుగులంటున్నారు. ఏమేం చూసుకోవాలి?

జవాబు: అన్నా, ఆ 2400లో మెట్లు, లిఫ్టు, కారిడార్ వాటా కలిసే ఉంటాయి. కార్పెట్ ఏరియా, అంటే ఇంటి లోపల నిజంగా వాడుకునే చోటు, ఎంతో అడగండి, 2016 రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం చెప్పి తీరాలి. బాల్కనీ అందులోకి రాదు. మా పిన్ని వాళ్ళింట్లో డైనింగ్ టేబుల్ వేశాక కుర్చీ వెనక్కి జరపడానికి చోటు లేదు! మీ వాటాకి స్థలం ఎన్ని గజాలొస్తుందో దస్తావేజులో రాయించుకోండి, రేపు విలువ పెరిగేది దానికే. అగ్రిమెంట్ రిజిస్టర్ కాకుండా 10 శాతం మించి అడ్వాన్స్ ఇవ్వొద్దు.

జవాబు: కడుతుండగా కొంటే 5 శాతం జీఎస్టీ అదనం. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఇక కాపురం ఉండొచ్చని అధికారులిచ్చే పత్రం) వచ్చాక మొత్తం కట్టి కొంటే ఉండదు.

జవాబు: ఏరియాకి వంక పెట్టలేం. కానీ సాయంత్రం ఏడింటికి ఒకసారి, గట్టి వాన పడ్డాక ఒకసారి వెళ్ళి చూడండి, ట్రాఫిక్, నీళ్ళు నిలవడం ఎలా ఉంటాయో తెలుస్తుంది.

అడిగినవారు: థాంక్సండీ. ప్రాజెక్టు రెరా రిజిస్ట్రేషన్ నంబరు అడిగాను, పంపుతామన్నారు. ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే పత్రం) బాబాయి తీయిస్తున్నారు.