ఉప్పు తగ్గించమని ఎలా చెబితే వింటారు?

ప్రశ్న (ఏఎన్ఎం, కొత్తపట్నం మండలం):
మా పరిధిలోని మత్స్యకార కుటుంబాలలో రక్తపోటు ఉన్నవారికి ఉప్పు తగ్గించమని ఇంటికి వెళ్లిన ప్రతిసారీ చెబుతున్నాను. అందరూ తల ఊపుతారు, కానీ ఎండుచేపో ఆవకాయో లేని భోజనం వారికి భోజనమే కాదు. నేను చెప్పే పద్ధతిలో ఏమి మార్చుకోవాలి?

జవాబు (విశ్రాంత నర్సు, కావలి):
నిషేధంతో మొదలుపెట్టకండమ్మా. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి సూచించినది రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచాడు. పచ్చళ్లలో, ఎండుచేపలలో ఉన్న ఉప్పు కూడా ఆ లెక్కలోకే వస్తుందని చాలామందికి తెలియదు. ఏది తగ్గించడం తేలికో వారినే అడిగి, వారు ఎంచుకున్న ఆ ఒక్క మార్పును రాసి ఇచ్చి, మళ్లీ రక్తపోటు చూసే రోజున దాని గురించే విచారించండి. ఎండుచేపలను నానబెట్టి ఆ నీటిని పారబోస్తే ఉప్పు కొంత పోతుంది.

జవాబు (ఒంగోలు):
రోగికి కాదు, వంట చేసేవారికి చెప్పాలి. మగవారికి ఎంత చెప్పినా (నా అభిప్రాయమే అనుకోండి) ఆ మాట పొయ్యి దాకా చేరదు.

జవాబు (కనిగిరి):
సోడియం తక్కువగా ఉండే ఉప్పులో సాధారణంగా పొటాషియం కలుపుతారు కనుక, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి వైద్యుని అడగకుండా దానిని సూచించవద్దు. ఉప్పు తగ్గించాం కదా, మాత్ర మానేయవచ్చా అని కూడా అడుగుతారు. వైద్యుడు చెప్పేవరకు మానకూడదని ముందే చెప్పి ఉంచండి.