మూడు వరుసల డురాంగో ఎస్‌ఆర్‌టీ: ఇంటి బండిగా పనికొస్తుందా?

సెలీనా కొత్తిల్లు:

అందరికీ నమస్కారం. మేము టెక్సస్‌లో, సెలీనాలో ఉంటాం. రోజూ డాలస్ నార్త్ టోల్‌వే మీదుగా ప్లేనోలోని ఆఫీసుకు వెళ్లి వస్తాను. రానూపోనూ 50 మైళ్లు. తొమ్మిదేళ్ల పాప, నాలుగేళ్ల బాబు ఉన్నారు. మార్చిలో మా అత్తమామలు చీరాల నుంచి వచ్చి ఆరు నెలలు ఉంటారు. ఇప్పుడున్న కారులో ఆరుగురం పట్టం కనుక మూడు వరుసల బండి తప్పనిసరి.

డాడ్జ్ కంపెనీ ఎస్‌యూవీ డురాంగోలో బలమైన ఇంజిన్ ఉండే రకం, 2019 నాటి డురాంగో ఎస్‌ఆర్‌టీ ఒకటి చూశాను. 52 వేల మైళ్లు తిరిగింది, మొదటి యజమాని చేతిలోనే ఉంది. 6.4 లీటర్ల వీ8 ఇంజిన్, 475 హార్స్‌పవర్. నా భార్య మాత్రం టొయోటా సియెన్నా హైబ్రిడ్ మినీవ్యాన్ తీసుకుందామంటోంది. ఆమె మాటలో న్యాయం ఉంది. కానీ మా నాన్నకు ఒంగోలు ట్రంకు రోడ్డులో లారీల వర్క్‌షాపు ఉండేది. ఇంజిన్ శబ్దం విని అది ఏ బండో చెప్పే ఇంట్లో పెరిగాను. ఇలాంటి ఇంజిన్ ఒక్కసారైనా నా ఇంటి ముందు ఉండాలని ఇరవై ఏళ్లుగా కోరిక. 

అది ఎంత వేగంగా పోతుందో నాకు తెలుసు, ఎక్కడ చూసినా అదే రాస్తారు. పిల్లల్ని బడిలో దింపడానికి, పెద్దవాళ్లను గుడికి తీసుకెళ్లడానికి, ఆదివారం సరుకులకు ఎలా ఉంటుందో ఏళ్ల తరబడి నడిపినవారు చెప్పాలి. ఖర్చు ఎంతవుతుంది? ఇంట్లో మిగతావారు ఇష్టపడతారా?

ఫ్రిస్కో వీ8:

మీ ప్రశ్న చూశాక పొట్టిగా జవాబు రాయాలనిపించలేదు. నా దగ్గర 2018 డురాంగో ఎస్‌ఆర్‌టీ ఉంది. ఆ ఏడాది నవంబరులో కొత్తది కొన్నాను, ఇప్పటికి 71 వేల మైళ్లు. నింపిన ప్రతి గ్యాలనూ ఒక నోటుబుక్కులో రాసి పెట్టాను.

అందరూ ముందు భయపెట్టేది గ్యాస్, అంటే పెట్రోలు ఖర్చుతోనే కనుక ఆ లెక్క చెబుతాను. ప్రభుత్వ లెక్క ప్రకారం దీనికి ఊళ్లో 13, హైవే మీద 19, కలిపి గ్యాలనుకు 15 మైళ్లు. నా పుస్తకంలోనూ అంతే ఉంది. మీరు ఏడాదికి 240 రోజులు ఆఫీసుకు వెళ్తారనుకుంటే 12 వేల మైళ్లు, అంటే 800 గ్యాలన్లు. ఇది ఖరీదైన ప్రీమియం రకమే తాగుతుంది. గ్యాలన్ మూడున్నర డాలర్లనుకుంటే 2,800 డాలర్లు. సియెన్నా గ్యాలనుకు 36 మైళ్లు ఇస్తుంది, మామూలు గ్యాస్ చాలు. 2 డాలర్ల 80 సెంట్ల చొప్పున దానికి 930 చిల్లర. తేడా ఏడాదికి 1,900 డాలర్ల లోపు. చిన్న మొత్తమని అనను. కానీ కొనే రోజునే కళ్లకు కనిపించే ఖర్చు ఇది, దానికి సిద్ధపడే కొంటాం.

కనిపించనిది టైర్లు, బ్రేకుల ఖర్చు. రెండున్నర టన్నుల బండిని ఆ వేగం నుంచి ఆపాలి కదా! ముందు చక్రాలకు ఆరేసి పిస్టన్ల బ్రెంబో బ్రేకులు, 15 అంగుళాల రోటర్లు, అంటే బ్రేకు డిస్కులు ఉంటాయి. టైర్లు నాలుగూ 295 మిల్లీమీటర్ల వెడల్పు. నేను నెమ్మదిగానే నడుపుతాను, అయినా టైర్లు మూడుసార్లు మార్చాను. ఒక్కో సెట్టు 22, 23 వేల మైళ్లకు మించి రాలేదు. నాలుగింటికీ కలిపి ప్రతిసారీ 1,600 డాలర్ల దాకా అయింది. నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే బండి కాబట్టి ఒక్క టైరు పాడైనా ఒక్కటే మార్చి ఊరుకోవడం కుదరదు, నాలుగింటి అరుగుదల దగ్గరదగ్గరగా ఉండాలి. మా కాలనీలో కొత్త ఇళ్లు కడుతున్న రోజుల్లో టైరు పక్క అంచున మేకు దిగింది. అక్కడ ప్యాచీ వేయరు. మిగతావి సగం అరిగి ఉన్నాయి, చివరికి నాలుగూ మార్చాల్సి వచ్చింది. సెలీనాలో మీ చుట్టూ ఇంకా కడుతూనే ఉంటారు, ఇంటికొచ్చే దారిలో కాస్త చూసుకోండి.

టైర్ల దగ్గర నేను చేసిన పొరపాటు మీరు చేయకండి. 2020లో మొదటిసారి మార్చినప్పుడు వేసవి టైర్లు వేయించాను. మలుపుల్లో పట్టు చాలా బాగుండేది. 2021 ఫిబ్రవరిలో టెక్సస్ అంతా గడ్డకట్టింది గుర్తుందా? 45 డిగ్రీల ఫారన్‌హీట్ కిందకు దిగితే ఆ రబ్బరు బిగుసుకుపోతుంది, మంచు మీద అసలు పట్టు ఉండదు. ఇంట్లో కరెంటు లేదు, చిన్నబ్బాయికి పాలు అయిపోయాయి, 475 హార్స్‌పవర్ బండి గరాజులో కదలకుండా ఉంది. ఎదురింటి పెద్దాయన తన పాత పికప్ వేసుకుని వెళ్లి పాలు తెచ్చి ఇచ్చారు. ఆ తర్వాత ఎప్పుడూ అన్ని కాలాల టైర్లే వేయిస్తున్నాను. కంపెనీ కూడా మామూలుగా ఇచ్చేది అవే, వేసవివి అదనంగా కావాలంటేనే.

ఇక ఇంట్లోవాళ్ల సంగతి. మీ ప్రశ్నలో నాకు ముఖ్యంగా తోచింది ఇదే. 2018లో నేను నా భార్యను అడగకుండానే అడ్వాన్సు కట్టేసి వచ్చాను. ఆమె గొడవ పడలేదు. ఏడాది పాటు ఆ బండి తాళం చేతిలోకి తీసుకోలేదు, అంతే. పిల్లల్ని తన చిన్న కారులోనే దింపేది. ‘అది నీ బండి’ అనేది. కుటుంబం కోసమని చెప్పి కొన్న బండిని ఇంట్లో ఒక్కడినే నడపడం ఎంత వెలితిగా ఉంటుందో అప్పుడు తెలిసింది.

2019 నవంబరులో, థ్యాంక్స్‌గివింగ్ సెలవుల్లో అది మారింది. తెనాలి నుంచి మా అమ్మ వచ్చి ఉంది. క్యాప్‌రాక్ కాన్యన్స్ పార్కుకు బయలుదేరాం. టెక్సస్ రాష్ట్రపు బైసన్ మంద ఉండేది అక్కడే. 287 హైవే మీద ఎస్టెలీన్ దాకా వెళ్లి, అక్కడ 86వ నంబరు రోడ్డులోకి తిరగాలి. పోను ఒక వరుస, రాను ఒక వరుస. నాకు నడుము పట్టేసింది, తప్పనిసరై నా భార్య స్టీరింగ్ అందుకుంది. రెండు వైపులా పత్తి చేలు. ఏరిన పత్తిని పసుపు ప్లాస్టిక్ చుట్టి గుండ్రటి బేళ్లుగా చేలో వదిలేశారు. అమ్మ రెండో వరుసలో కూర్చుని, గుంటూరు మార్కెట్టుకు మా తాతయ్య బండి మీద పత్తి తోలిన రోజుల గురించి చెబుతోంది. మా ముందు బేళ్ల లారీ ఒకటి 50 మైళ్ల వేగంతో పోతోంది. నా భార్య ఎదురుగా ఎవరూ లేరని రెండుసార్లు చూసుకుని పెడల్ నొక్కింది. గేర్లు రెండు మెట్లు దిగాయి, బండి లారీని దాటి మళ్లీ తన వరుసలోకి వచ్చేసింది. అమ్మ కథ ఆపలేదు. లారీని దాటినట్టే ఆమెకు తెలియలేదు.

ఆ శక్తి వల్ల నిజంగా కలిగే ఉపయోగం నాకు ఆ క్షణంలో తెలిసింది. ఎదుటి వరుసలో ఉండాల్సిన సమయం బాగా తగ్గిపోతుంది, లోపల కూర్చున్నవారికి కుదుపు తెలియదు. నా భార్య మాత్రం ఒక మైలు దూరం ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ‘తిరిగి వెళ్లేటప్పుడు కూడా నేనే నడుపుతాను’ అంది. పార్కులో బైసన్లను చూసి అమ్మ, ‘ఇవి మన గేదెలేరా, చలికి కంబళి కప్పుకున్నాయి’ అంది. ఆ ప్రయాణం నాకు ఈ బండి ఖరీదంతా తిరిగి ఇచ్చేసింది.

అమ్మకు ఎక్కడం దిగడం మాత్రం కష్టమయ్యేది. మోకాళ్లు నొప్పులు. ఒక చిన్న ప్లాస్టిక్ పీట కొని వెనక పెట్టాను, ఆమె ఉన్నన్ని రోజులూ ప్రతిసారీ దిగి వెళ్లి వేసేవాడిని. రెండో వరుసలో విడివిడి కుర్చీలు ఉండటం వల్ల మధ్యలోంచి పిల్లలు మూడో వరుసలోకి వెళ్లిపోతారు, ఆమెను లేపనక్కర్లేదు. మూడో వరుసలో పెద్దవాళ్లు గంట కూర్చోగలరు, అంతకు మించి కష్టం.

ఉదయం ఆరింటికి స్టార్ట్ చేస్తే చల్లటి ఇంజిన్ పెద్దగా ఉరుముతుంది. పక్కింట్లో పసిపిల్ల ఉందని తెలిశాక గరాజు తలుపు తెరిచిన వెంటనే స్టార్ట్ చేసి, నిలబడకుండా నెమ్మదిగా వీధి చివరికి తీసుకుపోతాను. వాళ్లు ఏమీ అనలేదు, అనకపోయినా మనకు తెలియాలి.

మా పెద్దబ్బాయికి పదహారు వచ్చి లైసెన్సు తీసుకున్నాక వేరే ఆలోచన మొదలైంది. ఇందులో వ్యాలే మోడ్ ఉంది. నాలుగంకెల రహస్య సంఖ్య పెట్టి వేస్తే ఇంజిన్ శక్తి బాగా తగ్గిపోతుంది, మొదటి గేరు కూడా అందదు. వాడు నడిపే రోజు అది వేసి ఇస్తాను. వాడికీ తెలుసు, చాటుగా చేయను. అలా ఉన్నా బీమా ఖర్చు బాగా పెరిగింది. కొనే ముందు మీ బీమావారి నుంచి ఈ బండి గుర్తింపు సంఖ్యతో ధర అడిగి తెలుసుకోండి.

వేగం సరదా కూడా ఒకసారి తీర్చుకున్నాను. ఎన్నిస్‌లోని టెక్సస్ మోటర్‌ప్లెక్స్‌లో పావు మైలు పరుగు తీశాను. కంపెనీ చెప్పినది 12.9 సెకన్లు, నాకు 13.4 వచ్చింది. చాలు. రోడ్డు మీద మళ్లీ ఆ కోరిక కలగలేదు. ఆ కోరిక ఉన్నవారు అక్కడికే వెళ్లాలి, 121వ నంబరు హైవే మీద తీర్చుకోకూడదు. వెనక సీట్లో పిల్లలున్న బండి ఇది.

రెండో తాళం:

పై జవాబు చదివి సంతోషం వేసింది, ముఖ్యంగా ఆ 86వ నంబరు రోడ్డు దగ్గర. అయినా నేను సియెన్నా వైపే. మా ఇంట్లో నాలుగేళ్లు ఇలాంటి బలమైన ఎస్‌యూవీ ఉండేది. నడపడం నాకు ఇష్టమే, ఆయన కంటే నేనే ఎక్కువ నడిపాను. మా అత్తగారికి మోకాలు ఆపరేషన్ అయ్యాక అంతా మారిపోయింది. శనివారం ఫ్రిస్కో హనుమాన్ గుడి పార్కింగులో పక్క బండికీ మనకూ మధ్య జానెడు చోటు ఉంటుంది. మామూలు తలుపు పూర్తిగా తెరుచుకోదు, ఆవిడ కాలు వంచలేరు. జరిగే తలుపుల బండి అయితే ఆ బాధ ఉండదు, మెట్టు కూడా తక్కువ ఎత్తు. మీ అత్తమామల వయసు, ఆరోగ్యం మీరు రాయలేదు. నా దృష్టిలో ముందు తేలాల్సింది అదే.

పదో నంబరు పానా:

కొనాలనుకుంటే ఒక మాట. టెక్సస్‌లో సొంత కార్లకు ఏటా చేసే భద్రతా తనిఖీ 2025 జనవరి 1 నుంచి తీసేశారు. కాలిన్, డెంటన్ కౌంటీల్లో పొగ పరీక్ష మాత్రం ఉంది. అంటే అమ్మేవారి బండి బ్రేకులూ టైర్లూ ఈ మధ్య ఎవరూ చూసి ఉండకపోవచ్చు. మీరే డబ్బు ఇచ్చి మీకు నమ్మకమైన మెకానిక్‌తో లిఫ్టు మీద చూపించండి.

మీరు వెళ్లేసరికి ఇంజిన్ చల్లగా ఉండాలని ముందే చెప్పండి. స్టార్ట్ చేసిన మొదటి రెండు నిమిషాలు బానెట్ తెరిచి వినండి. టిక్కు టిక్కుమని శబ్దం వచ్చి వేడెక్కాక పోతే ఇంజిన్ నుంచి పొగను బయటికి పంపే గొట్టాల (ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్) బోల్టులు చూపించాలి. వేడెక్కాకా పోకపోతే లోపల వాల్వులను నెట్టే లిఫ్టర్లను అనుమానించాలి, ఆ బండి వదిలేయండి. లారీల వర్క్‌షాపులో పెరిగిన చెవి మీది, అది ఇప్పుడు పనికొస్తుంది. ఆయిల్ మార్చిన రసీదులు అడగండి. దీనికి 0డబ్ల్యూ-40 ఆయిల్, ఏడు క్వార్టులు పడుతుంది. స్పార్క్ ప్లగ్గులు ఎనిమిది కావు, సిలిండరుకు రెండు చొప్పున పదహారు. అవి మార్చారో లేదో అడిగితే యజమాని బండిని ఎలా చూసుకున్నాడో తెలిసిపోతుంది.

గరాజు కూడా కొలవండి. ఇది 16 అడుగుల 9 అంగుళాల పొడవు. మన ప్రాంతంలో వడగళ్లకు బయట వదిలే బండి కాదు.

సెలీనా కొత్తిల్లు:

అందరికీ కృతజ్ఞతలు. ఫ్రిస్కో వీ8 గారూ, మీరు రాసింది నా భార్యకు మొత్తం చదివి వినిపించాను. అడ్వాన్సు కట్టేసి వచ్చారన్న చోట నా వైపు చూసింది. నేను కట్టలేదు, నిన్న కట్టబోయి ఆగిన మాట మాత్రం నిజం.

రెండో తాళం గారూ, మామగారికి 71, బాగానే నడుస్తారు. అత్తగారికి కుడి మోకాలు నొప్పి ఉంది. రాత్రి ఫోన్ చేసి అడిగితే, ‘ఆటో ఎక్కగలను, బస్సు మెట్లు కష్టం’ అన్నారు. మీరు చెప్పిన తలుపు సంగతి నాకు తట్టనే లేదు.

గరాజు లోపల 19 అడుగులు ఉంది, మెట్ల దగ్గర మాత్రం పదిహేడున్నర. శనివారం పొద్దున తొమ్మిదింటికి బండి చూడటానికి వెళ్తున్నాం. రాత్రంతా స్టార్ట్ చేయవద్దని యజమానికి చెప్పాను. ముందు నా భార్య నడుపుతుంది, నేను వెనక కూర్చుంటాను. అక్కడి నుంచి నేరుగా సియెన్నా చూడటానికి కూడా వెళ్తాం, రెండిట్లోనూ పిల్లలు ఉంటారు.

ఫ్రిస్కో వీ8:

మంచి పని. నడిపేటప్పుడు మీరు వెనక నుంచి ఆమెకు ఏమీ చెప్పకండి. మీ అత్తగారు ఆటో ఎక్కగలరంటే, ఆటో మెట్టు ఎత్తు ఇంచుమించు ఎంత ఉంటుందో గుర్తు తెచ్చుకుని డురాంగో తలుపు దగ్గర టేపుతో కొలిచి చూడండి. మా పీట ఎత్తు తొమ్మిది అంగుళాలు. కావాలంటే వచ్చి తీసుకెళ్లండి, అమ్మ మళ్లీ వచ్చేది దసరాకే.