నాన్న ట్రయల్‌లో చేరతానంటున్నారు, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

మా నాన్నకి ఊపిరితిత్తుల క్యాన్సర్, కీమో అయ్యాక మళ్లీ పెరిగింది. ఇప్పుడు చూస్తున్న డాక్టరు గారు కొత్త మందు మీద క్లినికల్ ట్రయల్ నడుస్తోంది, చేరితే మందూ పరీక్షలూ ఉచితం అన్నారు. నాన్న ఒక్క ప్రశ్న కూడా అడగలేదు, "ఆయన ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతానమ్మా సంతకం" అంటున్నారు. నా టెన్షన్ అంతా అక్కడే. వైద్యం చేసేదీ ట్రయల్ నడిపేదీ ఒకరే కాబట్టి, కాదంటే రేపు సరిగ్గా చూడరేమోనని నాన్న భయం.

క్లినికల్ ట్రయల్స్ మీద వచ్చిన 2019 రూల్స్ ప్రకారం, చేరడానికి సంతకం పెట్టే ఒప్పంద పత్రం మనకి అర్థమయ్యే భాషలో ఉండాలి, మధ్యలో ఎప్పుడైనా మానేయొచ్చు. మాకేమో ఇంగ్లీషుది ఇచ్చి, తెలుగుది అడిగితే "తర్వాత ఇస్తాం, ముందు సంతకం కానివ్వండి" అన్నారు కోఆర్డినేటర్. 2009లో ఖమ్మం జిల్లాలో ఒక అధ్యయనం కింద గిరిజన ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) వేసినప్పుడు చాలా ఫారాల మీద హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టేశారని చదివాను, అందుకే నేను ఈ కాగితాన్ని తేలిగ్గా తీసుకోలేకపోతున్నాను.

ఇంకోటి, మన దేశంలో ట్రయల్స్ వివరాలు నమోదు చేసే సీటీఆర్‌ఐ సైట్‌లో చూస్తే ఈ ట్రయల్‌లో రెండు గ్రూపులు, ఒకదానికి పాత మందే ఇస్తారట, ఎవరు ఎందులో పడతారో లాటరీలాగే. నాన్న మాత్రం కొత్త మందు తనకే వస్తుందని గట్టిగా నమ్ముతున్నారు. ఈ విషయం నేనే చెప్పాలా, డాక్టరు చేతే చెప్పించాలా? పత్రంలో ఎథిక్స్ కమిటీ (ట్రయల్‌లో చేరినవాళ్ల హక్కులూ భద్రతా చూసేది) నంబరు ఉంది, వాళ్లకి నేరుగా ఫోన్ చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? చేస్తే నాన్న వైద్యానికి ఏమైనా ఇబ్బంది వస్తుందా?