నొప్పి మాత్ర అడిగినవాళ్లకు నిమిషంలో ఏం చెప్పాలి?

ప్రశ్న (కౌంటర్‌లో కొత్త):
"ఒళ్లు నొప్పులు, ఏదైనా మంచి మాత్ర ఇవ్వండి" అంటూ వచ్చేవాళ్లు నిమిషం కంటే నిలబడరు. "వేరే మందులేమైనా వాడుతున్నారా?" అంటే అందరిదీ ఒకటే మాట, లేదని. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ వరకైనా తప్పక అడగాల్సినవి, చెప్పాల్సినవి ఏంటి?

జవాబు (గోలీల డబ్బా):
ఆ ప్రశ్న మార్చేయండి. రోజూ వేసుకునే బీపీ బిళ్లను, జలుబు మాత్రను చాలామంది మందుల లెక్కలో వేసుకోరు. విడివిడిగా అడగండి: "ఈరోజు జలుబుకి, జ్వరానికి ఏమైనా వేసుకున్నారా? బీపీకి, గుండెకి, రక్తం పలచబడటానికి ఏమైనా ఉన్నాయా? అల్సర్, కిడ్నీ, లివర్, ఆస్తమా?" ఆడవాళ్లయితే గర్భం సంగతీ అడగాలి.

జలుబు మాత్ర ఎందుకంటే, చాలావాటిలో పారాసిటమాల్ కలిసే ఉంటుంది. పేరు వేరు కాబట్టి మందూ వేరే అనుకుని రెండూ వేస్తారు. స్ట్రిప్ వెనక ఆ పేరు మీద వేలు పెట్టి చూపించండి. స్ట్రిప్ కత్తిరించి ఇస్తే పేరున్న ముక్క వాళ్లకే వెళ్లాలి.

పెద్దవాళ్లకు పారాసిటమాల్ 500 మి.గ్రా. ఒకటి లేదా రెండు, మధ్యలో కనీసం 4 గంటలు, 24 గంటల్లో 8 దాటకూడదు. 650 అయితే ఒక్కొక్కటే, ఆరు దాటకూడదు. "రోజుకి ఎనిమిది" అనకండి, అర్ధరాత్రి దాటగానే కొత్త లెక్క మొదలుపెడతారు. "ఇప్పటి నుంచి వెనక్కి 24 గంటల్లో ఎన్ని వేసుకున్నారు?" అని లెక్కపెట్టించండి. 50 కిలోల లోపు బరువు, రోజూ తాగే అలవాటు, లివర్ జబ్బు ఉంటే ఈ మోతాదు ఎక్కువే, డాక్టరు తగ్గించి చెప్పాలి.

జవాబు (మోతాదు మాస్టారు):
ఐబుప్రొఫెన్: 200 నుంచి 400 మి.గ్రా., 6–8 గంటలకోసారి, డాక్టరు చెప్పకుండా 24 గంటల్లో 1200 దాటకూడదు. "తిని వేసుకుంటే ఏం కాదు" అనేది సగమే నిజం. మంట తగ్గొచ్చు గానీ పుండు ముప్పు పోదు. రక్తంలో కలిశాక కడుపు గోడను కాపాడే ప్రోస్టాగ్లాండిన్లను తగ్గిస్తుంది కదా! మలం నల్లగా తారులా వస్తే మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లమనండి.

బీపీకి "ప్రిల్" లేదా "సార్టన్" అని ముగిసే మందు, దాంతోపాటు నీరు పోయే మాత్ర వాడేవాళ్లకు ఇది మూడోది అయితే కిడ్నీ దెబ్బతినొచ్చు. వాంతులు, విరేచనాలు ఉంటే మరీ ప్రమాదం. గర్భం 20 వారాలు దాటితే, డెంగీ అనుమానం ఉంటే కూడా ఇవ్వొద్దు. గుండెకి చిన్న మోతాదు ఆస్పిరిన్ వాడేవాళ్లయితే ముందు డాక్టర్ని అడగమనండి, ఆస్పిరిన్ పనికి ఇది అడ్డుపడుతుంది.

జవాబు (చెంచా వద్దు):
పిల్లల సిరప్ మర్చిపోయారు. పారాసిటమాల్ కిలోకి 15 మి.గ్రా. లెక్కన 10 కిలోల బిడ్డకు 150 మి.గ్రా. 5 మి.లీ.లో 250 ఉండే సిరప్ అయితే 3 మి.లీ., 120 ఉండేదైతే 6.25 మి.లీ., మి.లీ.కి 100 ఉండే డ్రాప్స్ అయితే 1.5 మి.లీ. సిరప్ లెక్కతో 6 మి.లీ. డ్రాప్స్ పోస్తే నాలుగు రెట్లు! సిరంజి మీద గీత పెట్టి ఇవ్వండి. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరమంటే సీసా అమ్మకుండా డాక్టరు దగ్గరికి పంపండి.

ప్రశ్న (కౌంటర్‌లో కొత్త):
"నిన్నటి నుంచి పారాసిటమాల్ పన్నెండు వేసుకున్నా, బానే ఉన్నా" అంటే?

జవాబు (గోలీల డబ్బా):
బాగుండటం లెక్కలోకి రాదు. లివర్‌లో విషపదార్థం పేరుకుంటున్నా మొదటి రోజు ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు. విరుగుడు ఎసిటైల్‌సిస్టీన్, మొదటి 8 గంటల్లో ఇస్తేనే బాగా పనిచేస్తుంది. ఆ సమయం దాటిందని మాత్రం ఆగొద్దు. వాంతి అయ్యేదాకా చూడకుండా ఇప్పుడే అత్యవసర విభాగానికి పంపండి. ఖాళీ స్ట్రిప్పులు వెంట తీసుకెళ్లాలి, ఏ టైముకి ఎన్ని వేసుకున్నారో కాగితం మీద రాయించండి.