అప్‌డేట్: కుట్టుపనికి బదులు లెక్కల ట్యూషన్

పక్కింటావిడ నా బట్టలు కుడితే, బదులుగా వాళ్లబ్బాయికి లెక్కలు చెప్పనా అని పోయిన నెల అడిగాను కదా. మొదలుపెట్టాం.

రెండు వారాలు బాగానే నడిచింది. తర్వాతే చిక్కు. నేను వారానికి 3 గంటలు చెబుతున్నా, నా దగ్గరేమో కుట్టించుకోవాల్సిన బట్టలు అయిపోయాయి! ఇద్దరికీ ఒకేసారి అవసరం పడాలి, వస్తుమార్పిడిలో అసలు ఇబ్బంది అదే. అడగాలంటే మొహమాటం, ఊరుకుంటే లోపల చిరాకు.

మీలో ఒకరు చెప్పినట్టు గంటకి గంట లెక్కన నోటుబుక్కులో రాసుకుంటున్నాం. ఎవరి పనైనా గంట గంటే. ఆవిడ చెల్లెలికి సైకిల్ బాగుచేయడం వచ్చు, నాకు జమ ఉన్న 5 గంటల్లో 2 అటు మళ్లించాం. ముగ్గురయ్యాక టెన్షన్ తగ్గింది. దారం, జిప్పుల ఖర్చు మాత్రం డబ్బుగానే ఇస్తున్నా. అది ముందే మాట్లాడుకోవాల్సింది.