‘అంతకు మూడు రెట్లు’, ‘అంతకంటె మూడు రెట్లు ఎక్కువ’: రెండూ ఒకటేనా?

ప్రశ్న: మూడో తరగతిలో మాస్టారు చెబుతుండగా పలక మీద రాసుకున్న లెక్క ఒకటి ఇన్నేళ్ళయినా నన్ను వదలడం లేదు. “సీత వద్ద 6 జామకాయలు ఉన్నవి. గీత వద్ద అంత... మూడు రెట్లు... ఉన్నవి.” ఆ ‘అంత’ తరువాత ‘కు’ ఉన్నదో ‘కంటె’ ఉన్నదో గుర్తు రావడం లేదు. నేను సీతతో సమానంగా ఆరు చింతపిక్కలు ఒక వరుస పేర్చి, దాని కింద మరి మూడు వరుసలు చేర్చి 24 అని రాశాను. మాస్టారు దాన్ని కొట్టేసి 18 వేశారు. ‘కంటె’ ఉంటే నా లెక్క సరైనదేనని ఇప్పటికీ నమ్ముతున్నాను.

జవాబు: మీ నమ్మకం సబబే. 6 కంటె 3 ఎక్కువ అంటే 9 అయినప్పుడు, 6 కంటె మూడు రెట్లు ఎక్కువ అంటే 6కు 18 కలపవలసిందే. ‘అంతకు’ అన్నప్పుడు మాత్రమే 18.

జవాబు: వాడుక అలా లేదు. “ధర నిరుటి కంటె రెట్టింపు పెరిగింది” అన్నప్పుడు 50 రూపాయల వస్తువు 100 అయిందనే అందరమూ అనుకుంటాం. అయినా అసలు చిక్కు ‘కంటె’లో లేదు, ‘రెట్టి’లో ఉన్నది. తమిళంలో ‘ఇరండు’ మనకు ‘రెండు’ అయినట్లే, అక్కడి ‘ఇరట్టి’ ఇక్కడ ‘రెట్టి’. అంటే ఆ మాటలోనే రెండు ఉన్నది. ధాతువును పట్టుకొని పోతే మూడు రెట్లంటే మూడుసార్లు రెట్టించడం: 12, 24, 48.

జవాబు: తెలుగులో గణితం రాసిన కవి పావులూరి మల్లనదిగా చెప్పుకునే, చదరంగం గడుల్లో గింజలను గడి గడికీ రెట్టిస్తూ పోయే పద్యంలో ‘రెట్టి’ సరిగ్గా ఆ అర్థంలోనే ఉన్నది. అంకెలకు బదులు మాటలు వాడుతూ “శర శశి షట్క చంద్ర” (5, 1, 6, 1) అంటూ కుడి నుంచి ఎడమకు అంకెలు పేర్చుకుంటూ పోతే 1,84,46,74,40,73,70,95,51,615 వస్తుంది. పదకొండో శతాబ్దపు తెలుగులో ఇరవై అంకెలను ఛందస్సు తప్పకుండా ఒదిగించిన ఆ నేర్పుకు ఎన్నిసార్లు చదివినా చేతులు జోడించాలనిపిస్తుంది. అరవై నాలుగు సార్లు రెట్టించిన ఫలితమది.

జవాబు: చిన్న సవరణ. మొదటి గడిలో ఒక్క గింజే కనుక రెట్టించడం అరవై మూడు సార్లే. మీరు చెప్పిన సంఖ్య అన్ని గడుల మొత్తం. ఇక మన పాత మాటలు ‘ఇనుమడి’, ‘ముమ్మడి’ వాడి ఉంటే ఈ పేచీయే లేదు: ఆరుకు ముమ్మడి పద్దెనిమిదే.

జవాబు: “అందం ఇనుమడించింది” అన్నప్పుడు ఎవరూ రెండుతో గుణించరు కదా. ఆ మాటలోనూ లెక్క ఏనాడో కరిగిపోయింది. అసలు ప్రశ్నకు వస్తే, ‘కంటె’ వచ్చిన చోట ‘ఎక్కువ’ రాక తప్పదు. మీ వాక్యంలో ఆ మాట ఉన్నదా?

ప్రశ్న అడిగినవారు: చివరి మాట ‘ఉన్నవి’ అన్నది ఖాయం. అయితే ‘రెట్లు’ దగ్గర పలక అంచు వచ్చి, తరువాతి మాటను కొయ్య చట్రం మీద చిన్న అక్షరాలతో రాసిన గుర్తు. ఆ మాట ‘ఉన్నవి’ కాదు, ఎందుకంటే ‘ఉన్నవి’ కింది వరుసలో ఉన్నది.